ఫ్రీడ్రిష్, ఇంట్లో ఫ్రిట్స్

ఆయన పేరు తెలుసుకోవడానికి నాకు 11 నెలలు పట్టింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, రోజూ మెట్ల మీద ఎదురుపడేవాళ్ళం. అయినా తలుపు పక్కన గంట మీద ఇంటిపేరే, ఉత్తరాల డబ్బా మీద ఇంటిపేరే. ఫోన్ మోగితే ‘హలో’ అనకుండా ఇంటిపేరే చెప్పేవారు. ముందు ‘హెర్’, అంటే మన ‘గారు’ లాంటిది, చేర్చి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన కూడా నన్ను నా ఇంటిపేరుతోనే, ‘మీరు’ అనే పిలిచేవారు. 70 ఏళ్ళ మనిషి 23 ఏళ్ళ కుర్రాణ్ణి మీరు అంటుంటే మొదట్లో నాకు చాలా ఇబ్బందిగా ఉండేది.

2005 అక్టోబర్‌లో చదువు కోసం గుంటూరు నుంచి మాగ్డెబుర్గ్ వెళ్ళాను. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున ఉన్న ఊరు. అందులో బుకావు అనే పాత ఫ్యాక్టరీల పేటలో, ఒక ముసలి దంపతుల ఇంట్లో పైగది అద్దెకి దొరికింది. ఆయన భారీ యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడ బళ్ళో జర్మన్ చెప్పిన టీచరమ్మ. మనవలు పిలిచినట్టే ఆవిడని నేను రెండో నెల నుంచే ‘ఓమా’ అన్నాను, అంటే మామ్మ. ఆయన్ని తాత అనే ధైర్యం మాత్రం రాలేదు.

అక్కడికి వెళ్ళక ముందు నాకు బాగా తెలిసిన జర్మన్ మగపిల్లాడి పేరు ఒక్కటే, ఫ్రిట్స్. హైదరాబాద్‌లో జర్మన్ క్లాసులో నోరు తిరగడానికి చెప్పించేవారు: ‘ఫిషర్స్ ఫ్రిట్స్ ఫిష్ట్ ఫ్రిషె ఫిషె, ఫ్రిషె ఫిషె ఫిష్ట్ ఫిషర్స్ ఫ్రిట్స్.’ జాలరి కొడుకు ఫ్రిట్స్ తాజా చేపలు పడుతున్నాడని దాని అర్థం. మన లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య లాంటివాడన్నమాట. ఒకరోజు వంటింట్లో అది తప్పు లేకుండా చెప్పి చూపించాను. ఓమా చప్పట్లు కొట్టారు. ఆయన చదువుతున్న పేపర్ దించి నా వైపు ఒకసారి చూశారు. ఏమీ అనకుండా మళ్ళీ పేపర్ ఎత్తుకున్నారు. ఆ చూపు చాలా రోజులు నాకు అర్థం కాలేదు.

ఆ దేశంలో ఊరి అంచుల్లో తోటల కాలనీలు ఉంటాయి. ఇంటి దగ్గర జాగా లేనివాళ్ళు అక్కడ చిన్న ముక్క కౌలుకి తీసుకుంటారు. ఒక షెడ్డు, రెండు ఆపిల్ చెట్లు, నాలుగు మళ్ళు కూరగాయలు. 2006 సెప్టెంబర్‌లో వాళ్ళ తోట కంచె ఒక పక్క ఒరిగిపోతే సాయానికి రమ్మన్నారు. పొద్దున్నుంచి గుంజలు పాతాం, తీగ లాగి బిగించాం. మధ్యాహ్నం ఆపిల్ చెట్టు కింద రెండు బీరు సీసాలు తెరిచి, ఆయన చెయ్యి తుడుచుకుని నా ముందుకు చాపారు. ‘ఇక మీరు వద్దు, నువ్వు అనుకుందాం. నేను ఫ్రీడ్రిష్’ అన్నారు.

అక్కడ ఆ మాట పెద్దవాళ్ళే ముందు అనాలి, చిన్నవాళ్ళు అడగకూడదు. ఒకసారి అన్నాక మళ్ళీ వెనక్కి తీసుకోరు. నేను కంగారులో ఆయన పేరుని ‘ఫ్రెడ్రిక్’ అనేశాను. కాదని తల ఊపి, చివరి అక్షరాన్ని మూడుసార్లు పలికి చూపించారు. నేను ఇక్కడ ‘ష్’ అని రాస్తున్నానే గానీ అది ష కాదు, హ కూడా కాదు. నాలుకని అంగిలి దగ్గరగా పెట్టి గాలి మాత్రం వదలాలి. నాకు అది సరిగ్గా రావడానికి శీతాకాలం పట్టింది.

ఆ రోజే పేరుకి అర్థం అడిగాను. మనవాళ్ళం కదా, పేరు వినగానే అర్థం అడుగుతాం. నాకు వచ్చిన జర్మన్‌లో ‘ఫ్రీడె’ అంటే శాంతి, ‘రైష్’ అంటే డబ్బున్నవాడు. రెండూ కలిపితే ఏమీ తేలడం లేదు. ఆయన మేం కొత్తగా బిగించిన కంచెని చేత్తో తట్టి, ‘దీన్ని మా తోటల రూల్స్ కాగితంలో ఏమంటారో తెలుసా? ఐన్‌ఫ్రీడుంగ్’ అన్నారు. కంచెకి ఆఫీసు కాగితాల్లో వాడే మాట అది. అందులోనూ అదే ఫ్రీడ్ ఉంది.

సాయంత్రం ఓమా మిగతాది చెప్పారు, పాఠం చెప్పినట్టే. పాత జర్మన్‌లో ‘ఫ్రిడు’ అంటే యుద్ధం లేకపోవడం ఒక్కటే కాదు, రక్షణ. కంచె లోపల, కోట లోపల ఉన్నవాడి మీద ఎవరూ చెయ్యి ఎత్తకూడదు. ఆ భద్రత పేరే ఫ్రిడు. శ్మశానాన్ని ‘ఫ్రీడ్‌హోఫ్’ అంటారు. అది శాంతి దొరికే చోటని అందరూ అనుకుంటారు గానీ, మొదట్లో దాని అర్థం గుడి చుట్టూ గోడ కట్టి కాపాడిన ఆవరణ అట. ఇక రెండో ముక్కకి డబ్బుతో సంబంధం లేదు. ‘రీహి’ అంటే బలం కలవాడు, ఏలేవాడు. హైన్‌రిష్, డీట్రిష్, ఉల్‌రిష్, ఎరిష్, అన్నిటి చివరా ఉన్నది అదే.

అప్పటి జర్మన్ తెగలు పేర్లు పెట్టుకున్న తీరు నాకు చాలా నచ్చింది. వాళ్ళ దగ్గర కొన్ని మాటల మూట ఉండేది. శాంతి, విజయం, ఈటె, ఎలుగుబంటి, తోడేలు, కీర్తి, శిరస్త్రాణం. అందులోంచి రెండు తీసి అతికేవారు. తండ్రి పేరులో ఒక ముక్క, తల్లి పేరులో ఒక ముక్క కలిపి బిడ్డకి పెట్టడమూ ఉండేది. సీగ్‌ఫ్రీడ్ అంటే విజయం, శాంతి. గేర్‌హార్డ్ అంటే ఈటె, గట్టితనం. మొత్తం కలిపి ఒక వాక్యంలా అర్థం రావాలన్న పట్టింపు లేదు. 6వ శతాబ్దంలో ఫ్రేడెగుండ్ అనే రాణి ఉండేది. ఆమె పేరులో శాంతీ ఉంది, యుద్ధమూ ఉంది. మన ఇళ్ళలో తాత పేరుకి ముందు వెంకట చేర్చి, చివర ఇలవేల్పు పేరు అతికినట్టే. విడివిడిగా ప్రతి ముక్కా ఒక దీవెన.

అసలు కథ జనవరిలో విన్నాను. 1945 జనవరి 16 రాత్రి బ్రిటిష్ విమానాలు బాంబులు వేసి మాగ్డెబుర్గ్ పాతపట్నాన్ని దాదాపు నేలమట్టం చేశాయి. ఏటా ఆ రాత్రి ఊళ్ళో చర్చి గంటలు మోగుతాయి. 2007లో ఆ గంటలు మోగుతుంటే ఆయన కిటికీ తెరిచి, చలిలో అలాగే నిలబడ్డారు. గంటలు ఆగాక కిటికీ మూసి, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన పుట్టింది 1935లో. రిజిస్టర్‌లో ఫ్రీడ్రిష్, అమ్మ నోట్లో మాత్రం ఫ్రిట్స్. ఫ్రీడ్రిష్‌ని ముద్దుగా కుదిస్తే వచ్చేదే ఫ్రిట్స్ అని నాకు అప్పుడే తెలిసింది. ఉత్తరాన సముద్రం వైపు అయితే అదే పేరు ‘ఫీటె’ అవుతుందట. ఫ్రిట్స్ ఎంత సాధారణమైన పేరంటే, మాటల చివర తోకలా కూడా తగిలిస్తారు. కూరగాయలు అమ్మేవాణ్ణి ‘గెమ్యూజెఫ్రిట్సె’ అంటారు. మనం కూరగాయల సుబ్బయ్య అన్నట్టు.

అంత సాధారణం కాబట్టే శత్రువుల నోట్లో అది జర్మన్ సైనికుడికి మారుపేరైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఎదుటి కందకంలో ఉన్నవాణ్ణి ఫ్రిట్స్ అనేవారు. రెండో యుద్ధంలో రష్యన్లూ అదే మాట అన్నారు. 1945 ఏప్రిల్‌లో ఆయన ఉండే ఒడ్డుకి మొదట అమెరికన్లు వచ్చారు. జులై నుంచి ఊరంతా సోవియట్ సైన్యం చేతిలోకి వెళ్ళింది. ఆయనకి పదేళ్ళు. శిథిలాల మధ్య కట్టెపుల్లలు ఏరుతున్నారు. వెనక నుంచి ఎవరో గట్టిగా ‘ఫ్రిట్స్!’ అని అరిచారు.

‘నేను తిరిగాను. నా పేరే కదా’ అన్నారు ఆయన. ‘ఎవరో సోవియట్ సైనికుడు. నా పక్కన నడుస్తున్న పెద్దాయన్ని పిలుస్తున్నాడు. కానీ నేను కూడా తిరిగి చూసేసరికి ఇద్దరినీ రమ్మన్నాడు. ఏమీ చెయ్యలేదు, కట్టెలు చూసి పొమ్మన్నాడు. నాకు మాత్రం ఒక్కటే అనుమానం. వీళ్ళకి నా పేరు ఎలా తెలిసింది?’

ఇంటికి పరిగెత్తి అమ్మని అదే అడిగారట. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ఇవాళ్టి నుంచి బయట ఎవరు అడిగినా ఫ్రీడ్రిష్ అని చెప్పు. ఫ్రిట్స్ ఇంట్లోనే’ అంది. అంతే. 60 ఏళ్ళు దాటినా అదే మాట మీద ఉన్నారు. ఫ్యాక్టరీలో, సంతకంలో, స్నేహితుల దగ్గర ఫ్రీడ్రిష్. ఆ రెండో పేరు అమ్మకి, తర్వాత ఓమాకి. ఓమా కూడా మూడో మనిషి ఉంటే అనేవారు కాదు. వంటింట్లో నా నోట ఫ్రిట్స్ విని ఆయన పేపర్ దించిన కారణం అప్పుడు తెలిసింది. నాకు గొంతు పట్టేసింది.

నాదీ ఇంచుమించు ఇలాంటి కథే. నా పేరు మా నాన్నగారి నాన్నది. మామగారి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ నన్ను పుట్టినప్పటి నుంచి ‘చిట్టి’ అంటుంది. కోపం వచ్చినా సరే అసలు పేరు నోట రాదు. ఆ రాత్రి ఆ సంగతి చెప్పాను. ఆయనకి అది ఎంతో నచ్చింది. ‘చిట్టి, చిట్టి’ అని రెండుసార్లు పలికి చూసుకున్నారు. ఆ రోజు నుంచి నేను వాళ్ళింట్లో చిట్టినే.

ఆయనకీ ఆ పేరు తాతగారిదే. ఆ తాత పుట్టింది 1888 వసంతంలో. జర్మన్లు దాన్ని ముగ్గురు చక్రవర్తుల సంవత్సరం అంటారు. మార్చి 9న మొదటి విల్‌హెల్మ్ చనిపోతే కొడుకు మూడో ఫ్రీడ్రిష్ గద్దెనెక్కాడు. అప్పటికే ఆయనకి గొంతు క్యాన్సర్, మాట రాదు. 99 రోజులు మాత్రమే ఏలి జూన్ 15న కన్నుమూశాడు. ఆ 99 రోజుల్లో పుట్టిన బిడ్డ కాబట్టి ఫ్రీడ్రిష్ అని పెట్టారు. ఒక కూలి ఇంట్లో, నోరు పెగలని చక్రవర్తి పేరు. మనవడు పుట్టేనాటికి ఆ చక్రవర్తుల వంశమే గద్దె దిగిపోయింది, పేరు మాత్రం ఇంట్లో మిగిలింది.

యుద్ధం తర్వాత ఆ సగం దేశం కమ్యూనిస్టుల పాలనలోకి వచ్చింది. 18వ శతాబ్దంలో ప్రష్యా అనే జర్మన్ రాజ్యాన్ని ఏలిన ఇంకో ఫ్రీడ్రిష్, రెండో ఫ్రీడ్రిష్ మహారాజు. బెర్లిన్ నడివీధిలో గుర్రం మీద ఉండే ఆయన విగ్రహాన్ని 1950లో తీసేశారు. ఆ రోజుల్లో బళ్ళో కొత్త మాస్టారు, ‘నీది ఎంగెల్స్ పేరు, నిలబెట్టుకో’ అన్నారట. అవును, కార్ల్ మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ కూడా ఫ్రీడ్రిషే. 1980లో ఆ రాజుని మళ్ళీ గుర్రంతో సహా తెచ్చి అక్కడే నిలబెట్టారు. ‘నేను మారలేదు, నా పేరు ఎవరిదన్నదే మారుతూ వచ్చింది’ అనేవారు ఆయన.

ఆ మహారాజు సమాధి దగ్గరికి మేం 2007 వసంతంలో వెళ్ళాం. పోట్స్‌డామ్‌లో సాన్సూసీ రాజభవనం, రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. బయలుదేరే ముందు ఆయన నేలమాళిగలోకి వెళ్ళి, తోటలో పండించి దాచుకున్న బంగాళాదుంపల్లోంచి ఒకటి ఎంచి కోటు జేబులో వేసుకున్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఫ్రీడ్రిష్ రాజు 1756లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. రైతులందరూ బంగాళాదుంప వెయ్యాలని. కరువుకి తట్టుకునే పంట అని ఆయన నమ్మకం. ఆ రాజు జీవితంలో యుద్ధాలు చాలా ఉన్నాయి, వాటికైన చావులూ చాలా ఉన్నాయి. శాంతి అనే పేరు మోసినవాడు ఇన్ని యుద్ధాలు ఎందుకు చేశాడని అడిగితే, ‘అందుకే దుంప ఒక్కటే పట్టుకెళ్తున్నా’ అన్నారు ఆయన. ఇంకో సంగతి, ఆ రాజుకి తన పేరు జర్మన్‌లో నచ్చేది కాదు. ఫ్రెంచి మీద మోజుతో ‘ఫెడెరిక్’ అని సంతకం చేసేవాడు. ప్రజలకి మాత్రం చివరి దాకా ‘ముసలి ఫ్రిట్స్’.

తన కుక్కల పక్కన, తోట మెట్ల మీద పూడ్చమని ఆయన రాసిపెట్టాడు. 1786 ఆగస్టు 17న పోతే, వారసుడు ఆ కోరిక పక్కన పెట్టి చర్చిలో తండ్రి పక్కన పెట్టించాడు. రెండో యుద్ధంలో శవపేటిక ఉప్పుగనిలోకి పోయింది, అక్కడి నుంచి పశ్చిమానికి. చివరికి 1991 ఆగస్టు 17న, అంటే 205 ఏళ్ళకి, ఆ కుక్కల పక్కకే చేరాడు. నేల మీద పరిచిన ఒక మామూలు రాయి, దాని మీద పేరు. రాయి మీద పూల కంటే ఎక్కువగా బంగాళాదుంపలు. జనం తెచ్చి పెడతారు. మన ఫ్రీడ్రిష్ వంగి జేబులోంచి తన దుంప తీసి, మట్టి తుడిచి, చివర్లో పెట్టారు. టోపీ తీసి ఒక నిమిషం నిలబడ్డారు. నేనూ చెప్పులు విప్పబోయి ఆగాను. అలవాటు.

ఆ రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక లావుపాటి వ్యుత్పత్తి నిఘంటువు ఉండేది. పరీక్షల చదువు విసుగొచ్చినప్పుడు దాన్ని తిరగేసేవాణ్ణి. ఒకరోజు ‘ఫ్రీడె’ దగ్గర ఆగాను. ఫ్రీడె, ఫ్రాయిండ్ అంటే స్నేహితుడు, ఫ్రై అంటే స్వేచ్ఛ గలవాడు, ఇవన్నీ ఒకే వేరు నుంచి వచ్చాయని ఉంది. ప్రేమించడం, అయినవాణ్ణిగా చూడటం ఆ వేరు అర్థం. దాని పక్కనే, పాత భారతీయ భాష అని గుర్తు పెట్టి, చిన్న అక్షరాల్లో ‘ప్రియ’.

నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను. తర్వాత ‘రైష్’ వెతికాను. కెల్టిక్ అనే పాత ఐరోపా తెగల దగ్గర నుంచి జర్మన్ తెగలు చాలా కాలం కింద తెచ్చుకున్న మాట అది. కెల్టిక్‌లో ‘రీక్స్’, లాటిన్‌లో ‘రెక్స్’, సంస్కృతంలో ‘రాజన్’. మనం పొద్దున లేస్తే అనే రాజు. ఫ్రీడ్రిష్ సంస్కృతం నుంచి వచ్చిందని కాదు, అలా చెబితే తప్పు. ఒకే పూర్వీకుల ఇంట్లోంచి వేర్వేరు దారుల్లో వెళ్ళిపోయిన అన్నదమ్ముల పిల్లల్లాంటి మాటలివి. వేల ఏళ్ళ తర్వాత ఎల్బే ఒడ్డున ఎదురుపడితే ముక్కు తీరులో పోలిక కనిపించినట్టు.

ఆ సాయంత్రం ఆదరాబాదరాగా ఇంటికి వెళ్ళి, వంటింటి బల్ల మీద కాగితం పెట్టి రాశాను: ప్రియ, రాజు. ‘మా మాటల్లో చెప్పాలంటే మీ పేరు ప్రియరాజు’ అన్నాను. సంతోషంలో మళ్ళీ మీరు అనేశాను. మా ఊళ్ళో ధర ఎక్కువైనా ప్రియమే అంటామని చెబితే ఓమా ఎగిరి గంతేసినంత పని చేశారు. జర్మన్‌లో ‘టోయర్’ అన్నా అంతే, ఖరీదైనదీ అదే, ఆప్తమైనదీ అదే. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తెలుగు అక్షరాలని వేలితో దిద్దుతూ చాలాసేపు చూశారు. వారం తర్వాత తోటకి వెళ్తే షెడ్డు తలుపు మీద వడ్రంగి పెన్సిల్‌తో ‘ప్రియరాజు’ అని రాసి ఉంది. ‘య’ కొంచెం ఒరిగింది. దాని మీద ఆయన వార్నిష్ కొట్టేశారు, వానకి పోకుండా.

అప్పటి నుంచి నాకు ఎక్కడ చూసినా ఫ్రీడ్రిష్‌లే కనిపించారు. మన దేశంలో జర్మన్ నేర్చుకునేవాళ్ళకి మాక్స్ ముల్లర్ భవన్ తెలియకుండా ఉండదు. 1823లో డెస్సావులో పుట్టిన ఆ పండితుడి పూర్తి పేరు ఫ్రీడ్రిష్ మాక్స్ ముల్లర్. డెస్సావు మాగ్డెబుర్గ్‌కి దగ్గరే. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో అచ్చు వేయించడానికి 1849 నుంచి 1874 దాకా కష్టపడ్డాడు. ఆయన కంటే ముందు 1808లోనే సంస్కృతం గురించి జర్మన్‌లో పుస్తకం రాసిన ష్లేగెల్ కూడా ఫ్రీడ్రిషే. నలదమయంతుల కథని జర్మన్ పద్యాల్లోకి తెచ్చిన కవి ర్యుకెర్ట్ కూడా ఫ్రీడ్రిషే. పేరులో ప్రియాన్ని, రాజుని మోసుకుంటూ ఈ ముగ్గురూ సంస్కృతం తలుపు తట్టారని ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాలుగో ఆయన మా గుంటూరు మనిషి. గుంటూరులో పెరిగినవాళ్ళకి లూథరన్ చర్చిలు, ఆ మిషన్ వాళ్ళ బళ్ళు, ఆసుపత్రి చిన్నప్పటి నుంచీ తెలిసినవే. వాటికి మొదలు వేసిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి వచ్చారని విన్నాను. 1842 జులై 31న గుంటూరు చేరారు. పల్నాట్లో తిరిగారు, వైద్యం కూడా చదువుకుని వచ్చి చేశారు. 70 దాటిన వయసులో మళ్ళీ సముద్రాలు దాటి రాజమండ్రి వచ్చారు. ఆయన పుట్టింది అమెరికాలో కాదని మాగ్డెబుర్గ్‌లో ఉండగానే తెలిసింది. 1793లో, జర్మనీలో, హెల్మ్‌స్టెట్‌లో. పూర్తి పేరు యోహాన్ క్రిస్టియాన్ ఫ్రీడ్రిష్ హయ్యర్.

హెల్మ్‌స్టెట్ అంటే మాకు గంటలోపు రైలు. ఆ మాట చెప్పగానే ఆయన, ‘నాకు ఆ గంట ప్రయాణానికి 28 ఏళ్ళు పట్టింది’ అన్నారు. ఆ ఊరు అవతలి దేశం, పశ్చిమ జర్మనీలో ఉండేది. 1952లోనే సరిహద్దు మూశారు, 1961లో బెర్లిన్ మీదుగా వెళ్ళే దారి కూడా మూసుకుపోయింది, 1989 దాకా అంతే. మారియన్‌బోర్న్ దగ్గర చెక్‌పోస్టు, కంచెలు, కాపలా బురుజులు. పక్క ఊళ్ళో ఉన్న చిన్నాన్న చనిపోతే వెళ్ళలేకపోయారు. 1989 నవంబర్ 9 రాత్రి సరిహద్దు తెరిచారు. ఆ వారాంతంలో ఓమాని, కూతుర్ని ట్రబాంట్ కారులో ఎక్కించుకుని ఆ వరసలో నిలబడ్డారు. అవతల వాళ్ళు కారు టాపు మీద తట్టి స్వాగతం చెప్పారట. తూర్పు నుంచి వచ్చిన ప్రతి మనిషికీ 100 మార్కులు ఇచ్చేవారు. వాటితో ఆయన కొన్నది ఒక కంచె తీగ చుట్ట. ఓమాకి అది ఇప్పటికీ కోపమే. మేమిద్దరం కలిసి బిగించింది ఆ తీగ మిగులే.

ఆ ఎండాకాలం ముగ్గురం హెల్మ్‌స్టెట్ వెళ్ళాం. 1576లో మొదలై 1810లో మూతపడ్డ పాత యూనివర్సిటీ భవనం చూశాం. కట్టెలతో అల్లిన గోడల ఇళ్ళ మధ్య నడిచాం. ఈ రాళ్ళ మీద ఆడుకున్న ఒక ఫ్రీడ్రిష్ గుంటూరు ఎండలో నడిచాడు, గుంటూరు నుంచి వచ్చిన నేను ఇక్కడ ఒక ఫ్రీడ్రిష్ పక్కన నడుస్తున్నాను. అది అనుకుంటూ నడుస్తుంటే ఓమా వెనకపడ్డారు. ముందు వెళ్తున్న ఆయన్ని ఆగమనాలి. సందు నిండా జనం. ఓమా అలవాటు తప్పి ‘ఫ్రిట్స్!’ అని గట్టిగా పిలిచారు. ఆయన తిరిగారు. ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ‘ఇంకేముంది, నువ్వూ అలాగే పిలువు’ అన్నారు.

2008లో నేను తిరిగి వచ్చేశాను. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే అవతలి నుంచి ఎప్పుడూ ఇంటిపేరే వినిపించేది. నా గొంతు గుర్తుపట్టగానే, ‘ఆ, చిట్టీ, నేను ఫ్రిట్స్‌ని’ అనేవారు. మా అబ్బాయి బారసాలకి పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తున్న ఫోటో పంపాను. అక్కడ బిడ్డ పుట్టిన వారంలోపు ఆఫీసులో చెప్పి రాయించాలి, ఇంత ముచ్చట ఉండదని ఓమా జవాబు రాశారు.

2012లో వాళ్ళ మనవరాలికి కొడుకు పుట్టాడు. పాత పేర్లు మళ్ళీ వినిపిస్తున్న కాలం. ఎమిల్, ఆంటన్, ఓస్కార్, కార్ల్. ముత్తాత పేరు పెడతారని అనుకున్నాం గానీ, ఆ అమ్మాయి ఫ్రీడ్రిష్ అని కాకుండా నేరుగా ఫ్రిట్స్ అని రాయించింది. రిజిస్టర్‌లోనే ఫ్రిట్స్. ఆ మాట విని ఆయన రెండు రోజులు ఏమీ అనలేదట. నేను ఫోన్ చేసి అడిగితే, ‘వాడికి బయట కూడా అదే పేరు’ అని ఆగారు. తర్వాత, ‘మా అమ్మ ఉంటే భయపడేది’ అన్నారు.

ఆయన 2016లో పోయారు. ఓమా పంపిన ఉత్తరాలు నా దగ్గర అన్నీ ఉన్నాయి. 2014 మేలో రాసింది నిన్న రాత్రి మళ్ళీ తీసి చదివాను. టీచరమ్మ కదా, అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. లైప్‌జిగ్‌లో మనవరాలి ఇంటికి వెళ్ళి, పిల్లల పార్కులో కూర్చున్న రోజు గురించి రాశారు.

‘చీకటి పడుతోందని పిల్ల గట్టిగా ఫ్రిట్స్ అని కేకేసింది. చిట్టీ, ముగ్గురు తిరిగారు. మా బుజ్జిగాడు, జారుడుబల్ల మీద ఎవరిదో ఇంకో పిల్లాడు, బెంచీ మీద మా ముసలాయన.’